కడుపుతో ఉన్నప్పుడు చేసే ఇన్ఫెక్షన్ పరీక్షలు: ఏ ఫలితానికి ఎంత గడువు

నెల తప్పిందని తెలియగానే ఆశా అక్క పేరు రాసుకుంటుంది. సబ్‌సెంటర్‌లో ఏఎన్ఎం బరువు, బీపీ చూసి రక్తం తీస్తుంది. ఇంటికొచ్చాక అందరూ అడిగేది ఒక్కటే, "రక్తం ఎంతుందట?" అని. తొమ్మిదో పదో చెప్పి మిగతా కాగితాలు సంచిలో పెట్టేస్తారు. ఆ మిగతా కాగితాల గురించే ఈ పోస్టు.

అదే రక్తంలో హెచ్ఐవీ, సిఫిలిస్ (లైంగికంగా సోకే సుఖరోగం), హెపటైటిస్ బి (కాలేయానికి పట్టే వైరస్) కూడా చూస్తారు. తల్లికి ఒక్క లక్షణం లేకుండానే ఈ మూడూ ఏళ్ల తరబడి ఒంట్లో ఉండగలవు, కడుపులోని బిడ్డకు చేరగలవు. మూడింటినీ ఆపే మందులు మన ప్రభుత్వ దవాఖానల్లో ఉచితంగానే దొరుకుతాయి. అయితే ఒక్కో మందుకు ఒక్కో గడువుంది. సిఫిలిస్ సూది కాన్పుకు కనీసం 30 రోజుల ముందు పడాలి. హెపటైటిస్ బి టీకా బిడ్డ పుట్టిన 24 గంటల్లో పడాలి. గడువు దాటాక చేతికొచ్చిన ఫలితం ఎంత సరైనదైనా బిడ్డకు దక్కేది తక్కువ. అందుకే "పరీక్ష చేయించారా?" అన్న ప్రశ్న ఒక్కటే సరిపోదు. ఫలితం ఏ తేదీన వచ్చింది, దాన్ని చూసి ఎవరు ఏం చేశారు అన్నది కూడా అడగాలి.

మొదటి పరీక్ష మూడో నెల లోపే జరగాలి. సబ్‌సెంటర్‌లో వేలి కొన మీద గుచ్చి చేసే పరీక్షలో ఒకే పట్టీ మీద హెచ్ఐవీ, సిఫిలిస్ రెండూ తేలుతాయి. దీనిలో తప్పులు ఎక్కువగా రెండు చోట్ల జరుగుతాయి. మొదటిది వేడి. ఈ కిట్లను 30 డిగ్రీలు దాటని చోట ఉంచాలి. వరంగల్‌లో మే నెల ఎండ 42, 43 దాటుతుంది. రేకుల కప్పు కింద తాళం వేసిన అల్మారాలో వారం రోజులు ఉన్న కిట్టును నమ్మడం కష్టం. పరీక్ష జరిగిందని చూపే కంట్రోల్ గీత రాకపోతే ఆ పట్టీ పనికిరాదు, కొత్త పట్టీతో మళ్లీ చేయాలి. గీత వచ్చినంత మాత్రాన కిట్టు వేడికి చెడిపోలేదని కూడా అనుకోలేం. రెండోది సమయం. కిట్టు పెట్టెలో రాసిన నిమిషాలకే చదవాలి. ఓపీలో మందిని చూసుకుంటూ గంట తర్వాత వచ్చి చూస్తే లేని గీత కనిపిస్తుంది, లేదా అసలు గీత మసకబారుతుంది.

వేలి పరీక్షలో గీత వచ్చిందంటే రోగం ఖాయమైనట్టు కాదు. హెచ్ఐవీ అయితే ఐసీటీసీలో (ప్రభుత్వ హెచ్ఐవీ పరీక్ష, సలహా కేంద్రం) మూడు వేర్వేరు రకాల కిట్లతో చూసి గానీ చెప్పరు. ఆ ఫలితం వచ్చేదాకా సిబ్బంది ఇంట్లో ఎవరికీ ఒక్క మాట చెప్పకూడదు.

మూడింటిలో జనానికి తక్కువ తెలిసింది, బిడ్డలను ఎక్కువగా చంపేది సిఫిలిస్. వైద్యం లేకుండా వదిలేస్తే సగానికి పైగా కాన్పుల్లో ఏదో ఒక నష్టం జరుగుతుంది. కడుపు పోవడం, ఎనిమిదో నెలలో బిడ్డ కదలికలు ఆగిపోవడం, నెలలు నిండకుండా పుట్టడం, ఎముకలకూ కాలేయానికీ జబ్బుతో పుట్టడం, ఇవన్నీ ఉంటాయి. ఊళ్లో ఎవరికైనా "కడుపులోనే పోయింది" అన్నప్పుడు సుగర్, బీపీతో పాటు దీన్నీ చూసి తీరాలి.

సిఫిలిస్ కోసం ల్యాబ్‌లో చేసే ఆర్‌పీఆర్ రక్తపరీక్ష చూడ్డానికి చాలా చిన్నది. తెల్లని కార్డు మీద గుండ్రటి గడి ఉంటుంది. దానిలో ఒక చుక్క సీరం (రక్తం గడ్డకట్టాక పైన తేలే నీరు) వేసి గడంతా పరిచి, పైన నల్లటి బొగ్గురేణువులున్న యాంటిజెన్ చుక్క వేస్తారు. తిరిగే బల్ల మీద నిమిషానికి 100 చుట్ల చొప్పున 8 నిమిషాలు తిప్పుతారు. రేణువులు గుంపులు కడితే రియాక్టివ్, పొగలా ఒకే తీరుగా ఉంటే నాన్ రియాక్టివ్. క్రిమికి ఎదురుగా ఒంట్లో తయారయ్యే యాంటీబాడీలు విపరీతంగా ఉన్నప్పుడు గుంపులు కట్టకపోవచ్చు. దీన్ని ప్రోజోన్ అంటారు. సీరాన్ని పలచన చేసి మళ్లీ వేస్తే అప్పుడు బయటపడుతుంది. అంతకుముందు కాన్పులో బిడ్డ చనిపోయి ఉంటే, అరచేతుల్లో అరికాళ్లలో దద్దు ఉంటే, ఆర్‌పీఆర్ నాన్ రియాక్టివ్ అని రాసి వచ్చినా పలచన చేసి చూడమని ల్యాబ్‌కు చీటీ రాయాలి. చీటీ రాయడం రెండు నిమిషాల పని, దాని మీద బిడ్డ ప్రాణం ఆధారపడి ఉంది.

దీనికి తిరగబడ్డ పరిస్థితీ ఉంది. లూపస్, మలేరియా, కుష్ఠు, కొన్నిసార్లు గర్భం కూడా ఆర్‌పీఆర్‌ను అబద్ధంగా రియాక్టివ్ చేస్తాయి. అందుకని సిఫిలిస్ క్రిమికే ప్రత్యేకమైన ట్రెపోనిమా పరీక్షతో సరిచూస్తారు. సరిచూసే ఫలితం రావడానికి వారం పడుతుందంటే మొదటి సూదిని ఆపకూడదు. అక్కర్లేని పెన్సిలిన్ ఒకటి పడితే జరిగే నష్టం చాలా తక్కువ. కావలసిన పెన్సిలిన్ పడకపోతే జరిగే నష్టానికి దానితో పోలికే లేదు.

మందు బెంజథిన్ పెన్సిలిన్, 24 లక్షల యూనిట్లు, కండలోకి. రోగం ఎప్పుడు సోకిందో తెలియనప్పుడు వారానికొకటి చొప్పున మూడు సూదులు. మన దగ్గర దాదాపు అందరికీ ఎప్పుడు సోకిందో తెలియదు కాబట్టి మూడూ వేయాలి. గర్భిణికి సూదికీ సూదికీ మధ్య తొమ్మిది రోజులు దాటితే లెక్క మళ్లీ మొదటి నుంచి. పత్తి ఏరే రోజుల్లో, మిర్చి కోతల్లో కూలి వదిలి రావడం అందరికీ సాధ్యపడదు. రెండో సూది తేదీని ఆమె పనికి పోయే రోజుల్ని బట్టి పెట్టాలి, లేకపోతే ఏఎన్ఎం ఆమె ఉన్నచోటికే కబురు పెట్టి పిలిపించాలి.

ఈ సూది వేయడంలోనే చాలా చోట్ల పని చెడిపోతుంది. పొడిని సీసా మీద రాసిన కొలత ప్రకారం ఇంజెక్షన్ నీళ్లతో కలిపితే పాలలాంటి చిక్కటి ద్రవం అవుతుంది. కలిపాక పక్కన పెడితే పొడి అడుగుకు దిగుతుంది, సూది మధ్యలో పట్టేస్తుంది, మందు సగం సిరంజీలోనే మిగిలిపోతుంది. కాబట్టి కలిపిన వెంటనే, 21 గేజ్ కన్నా సన్నం కాని సూదితో, రెండు పిరుదుల్లో చెరి 12 లక్షలు, నిదానంగా ఆపకుండా ఎక్కించాలి. నొప్పి బాగా ఉంటుంది, ఆ మాట ముందే చెప్తే రెండో సూదికి వస్తుంది. రక్తనాళంలోకి పోతే ప్రాణం పోవచ్చు, అందుకని వెనక్కి లాగి రక్తం రావట్లేదని చూసుకోవాలి. పెన్సిలిన్ అన్న పేరు చూసి క్రిస్టలైన్ పెన్సిలిన్ తెచ్చి వేయడం ఇంకో తప్పు. అది కొన్ని గంటల్లోనే ఒంట్లోంచి వెళ్లిపోతుంది.

రియాక్షన్ వస్తుందేమో అని భయపడి సూది మానేసి అజిత్రోమైసిన్ గోలీలు రాసిచ్చేవాళ్లున్నారు. తల్లికి అది ఎంత పనిచేసినా మాయ దాటి బిడ్డకు సరిగా అందదు. డాక్సీసైక్లిన్ గర్భంలో వాడకూడదు. కడుపులో బిడ్డకు పనిచేస్తుందని తేలిన మందు పెన్సిలిన్ ఒక్కటే. పక్కన అడ్రినలిన్ సిద్ధంగా పెట్టుకుని, సూది తర్వాత అరగంట కూర్చోబెడితే పీహెచ్‌సీలోనే వేయొచ్చు. నిజంగానే పెన్సిలిన్ పడని ఆడమనిషిని వరంగల్ ఎంజీఎం లాంటి పెద్దాసుపత్రికి పంపాలి, అక్కడ కొద్దికొద్దిగా అలవాటు చేసి అదే మందు ఇస్తారు. మొదటి సూది పడిన రోజు రాత్రి చలిజ్వరం, ఒళ్లునొప్పులు, ఒక్కోసారి కడుపులో నొప్పులు రావచ్చు. చచ్చిన క్రిముల వల్ల వచ్చేదే అది. పారాసిటమాల్ చాలు. అయితే నొప్పులు ఆగకుండా వచ్చినా బిడ్డ కదలిక తగ్గినా దవాఖానకు రావాలని చెప్పి పంపాలి.

మొగుడికి వైద్యం కాకపోతే ఆమెకు చేసిందంతా వృథా అయ్యే ప్రమాదం ఉంది. జగిత్యాల, కరీంనగర్, నిజామాబాద్ వైపు చాలామంది గల్ఫ్‌లో ఉంటారు. సెలవు మీద వచ్చినప్పుడు అతనికి పరీక్ష చేసి సూది వేయాలి, ఏడో నెల దాటాక ఆమెకు ఆర్‌పీఆర్ మళ్లీ చూడాలి. వలస పోయినవాళ్లను అనుమానించమని దీని అర్థం కాదు. ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో ఆ పరీక్ష చెప్పదు, చెప్పినట్టు మాట్లాడే హక్కు ఎవరికీ లేదు.

వైద్యం పనిచేసిందో లేదో ఆర్‌పీఆర్ పక్కన రాసే అంకె (సీరాన్ని ఎన్నింతలు పలచన చేసినా రియాక్టివ్ వస్తోందో) చెప్తుంది. 1:32 ఉన్నది 1:8కి దిగితే పనిచేసినట్టు. దిగడానికి నెలలు పట్టొచ్చు. "రియాక్టివ్" అన్న ముక్క ఒక్కటే రాసి అంకె రాయకపోతే తర్వాత పోల్చుకోవడానికి ఏమీ ఉండదు. ట్రెపోనిమా పరీక్ష మాత్రం నయమయ్యాక కూడా చాలామందిలో జీవితమంతా పాజిటివ్‌గానే ఉంటుంది, దాన్ని చూసి ప్రతి కాన్పుకూ బెదరొద్దు.

హెచ్ఐవీ విషయంలో మన వ్యవస్థ బాగానే కుదురుకుంది. మందు లేకుండా, పాలు కూడా పడితే బిడ్డకు సోకే అవకాశం వందకు 15 నుంచి 45 దాకా ఉండేది. త్వరగా మందు మొదలుపెట్టి మానకుండా వాడితే అది ఒకటి రెండుకు దిగుతుంది. ఖాయమైన రోజే వరంగల్ ఎంజీఎం ఏఆర్‌టీ (హెచ్ఐవీ మందులిచ్చే) సెంటర్‌కో దగ్గర్లోని మరో సెంటర్‌కో పంపి రోజుకొక టీఎల్‌డీ (మూడు మందులు కలిసిన) గోలీ మొదలుపెడతారు. 32 నుంచి 36 వారాల మధ్య వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ ఎంతుందో) చూడాలి. బిడ్డకు పుట్టిన కొన్ని గంటల్లోనే నెవిరపిన్ సిరప్ మొదలుపెట్టి ఆరు వారాలు ఇస్తారు. తల్లి వైరల్ లోడ్ అదుపులో లేకపోతే బిడ్డ మందు మారుతుంది, ఎక్కువ రోజులు కొనసాగుతుంది. కాబట్టి ఆ రిపోర్టు కాన్పు గదికి చేరి ఉండాలి.

తల్లిపాలు మాన్పించాల్సిన పని లేదు. ఆరు నెలల దాకా తల్లిపాలే, ఇంకేమీ వద్దు. పుట్టగానే తేనె నాకించడం, చక్కెర నీళ్లు, మధ్యలో డబ్బా పాలు కలపడం వల్ల బిడ్డ పేగు పొర దెబ్బతిని వైరస్ చేరే దారి పెరుగుతుంది. అమ్మమ్మకూ నాయనమ్మకూ రోగం పేరు చెప్పకుండానే ఈ మాట చెప్పొచ్చు, ఎందుకంటే ఏ బిడ్డకైనా ఇదే మంచిది.

ఒక మాట గట్టిగా చెప్పాలి. కేస్ షీటు మీద ఎర్ర పెన్నుతో రాయడం, మంచానికి బోర్డు పెట్టడం, వార్డులో గట్టిగా పేరు పిలిచి ఏఆర్‌టీ గోలీలు ఇవ్వడం చట్టానికి విరుద్ధం. 2017లో వచ్చిన హెచ్ఐవీ, ఎయిడ్స్ చట్టం గోప్యతను హక్కు చేసింది. అత్తముందు ఫలితం చెప్పొద్దు. ఆమెను ఒక్కదాన్నే కూర్చోబెట్టి చెప్పాలి, మొగుడికి ఎప్పుడు ఎలా చెప్పాలో ఆమెతో కలిసి అనుకోవాలి. సందేహాలకు 1097 నంబరుకు ఉచితంగా ఫోన్ చేయొచ్చు.

హెపటైటిస్ బి కథ వేరే. పరీక్ష పేరు హెచ్‌బీఎస్ఏజీ. ఇది పాజిటివ్ వస్తే చాలామంది "పసిరికలు లేవు కదా" అని వదిలేస్తారు, లేకపోతే పసరు మందుకు పోతారు. తల్లికి కళ్లు పచ్చబడకుండానే వైరస్ ఉంటుంది. కాన్పు సమయంలో సోకిన బిడ్డల్లో వందకు తొంభై మందికి అది జీవితమంతా నిలిచిపోతుంది, వాళ్లలో కొందరికి నడివయసులో కాలేయం గట్టిపడటం, క్యాన్సర్‌గా తేలుతుంది. పాజిటివ్ రాగానే వైరల్ లోడ్ పరీక్షకు పంపాలి. మిల్లీలీటరుకు రెండు లక్షల యూనిట్లు దాటితే 28వ వారం నుంచి టెనోఫోవిర్ 300 మిల్లీగ్రాముల గోలీ రోజూ వేసుకోవాలి. రక్తం ఆరో నెలలో తీసి రిపోర్టు తొమ్మిదో నెలలో చూస్తే ఆ అవకాశం పోయినట్టే.

బిడ్డకు రెండు సూదులు. టీకా 0.5 మిల్లీలీటరు ఒక తొడలో, ఇమ్యునోగ్లోబులిన్ (తయారుగా ఉన్న యాంటీబాడీల సూది) ఇంకో తొడలో. ఇమ్యునోగ్లోబులిన్ 12 గంటల్లో, టీకా 24 గంటల్లో. టీకా అయితే తల్లికి నెగెటివ్ ఉన్నా ప్రతి బిడ్డకూ వేయాలి. ఇది ఎక్కడ తప్పుతుందంటే, రాత్రి పదకొండింటికి కాన్పు అవుతుంది, టీకా ఫ్రిజ్ ఉన్న గదికి తాళం, తాళంచెవి ఉన్నవాళ్లు పొద్దున వస్తారు. ఆదివారం, పండుగ కలిస్తే గడువు దాటిపోతుంది. ఇంకోటి, సీసాలో పది డోసులుంటాయి, ఒక్క బిడ్డ కోసం విప్పితే మిగతా తొమ్మిదీ పారేయాలని అనుకుంటారు. అక్కర్లేదు. ఈ టీకా సీసాను విప్పిన తేదీ, సమయం రాసి, చల్లగా, శుభ్రంగా ఉంచి, సీసా లేబుల్ మీద వేడి తగిలిందో లేదో చూపే గుర్తు బాగుంటే 28 రోజుల దాకా వాడొచ్చు. కాన్పు గదిలోనే చల్లపెట్టెలో ఒక సీసా ఉంచితే సగం సమస్య తీరుతుంది. అయితే ఐసు ముక్కకు ఆనించి పెడితే టీకా గడ్డకట్టి చెడిపోతుంది. గడ్డకట్టి కరిగిన సీసాను ఊపి పెడితే అడుగున పొడి త్వరగా పేరుకుంటుంది, దాన్ని పారేయాలి.

పాజిటివ్ తల్లి పాలివ్వొచ్చు. మొగుడికీ పెద్దపిల్లలకూ పరీక్ష చేసి, లేనివాళ్లకు సున్నా, ఒకటి, ఆరు నెలల లెక్కన మూడు టీకాలు వేయించాలి.

మూత్రం పరీక్షను చాలా తేలిగ్గా తీసుకుంటారు. మంట లేకుండా, జ్వరం లేకుండా కూడా మూత్రంలో బాక్టీరియా పెరుగుతూ ఉండొచ్చు. వంద మంది గర్భిణుల్లో రెండు నుంచి పది మందికి ఇలా ఉంటుంది. వదిలేస్తే వాళ్లలో దాదాపు మూడో వంతు మందికి కిడ్నీకి ఎక్కి చలిజ్వరం, నడుం పక్క నొప్పి, నెలలు నిండకుండా నొప్పులు రావచ్చు. రంగుపట్టీ పరీక్ష చాలా కేసుల్ని వదిలేస్తుంది. మూడో నాలుగో నెలలో ఒకసారి కల్చర్ (ల్యాబ్‌లో క్రిములను పెంచి చూసే పరీక్ష) చేయించాలి.

కల్చర్ పాడయ్యేది ఎక్కువగా మూత్రం పట్టే తీరులోనే. చేతులు కడుక్కుని, మంచి నీళ్లతో ముందు నుంచి వెనక్కి కడగాలి, డెట్టాల్ వద్దు, ఆ మందు సీసాలో పడితే క్రిములు చచ్చి తప్పుడు నెగెటివ్ వస్తుంది. మొదటి ధార వదిలేసి, మధ్యలోది సీసాలో పట్టి, చివరిది వదిలేయాలి. రెండు గంటల్లో ల్యాబ్‌కు చేరాలి, లేకపోతే ఫ్రిజ్‌లో పెట్టాలి. పొద్దున ఎనిమిదింటికి పట్టిన సీసా పీహెచ్‌సీ కిటికీలో ఎండకు కూర్చుని మధ్యాహ్నం హబ్‌కు (పెద్ద ల్యాబ్‌కు) పోతే, దారిలో పెరిగిన క్రిములనే ల్యాబ్ లెక్కపెడుతుంది. "రకరకాల క్రిములు పెరిగాయి" అని రిపోర్టు వస్తే అది జబ్బు కాదు, సరిగా పట్టలేదని అర్థం. మళ్లీ పట్టాలి.

ఒకే రకం క్రిమి మిల్లీలీటరుకు లక్ష దాటితే, ఏ మందు పనిచేస్తుందో చూసి ఐదు నుంచి ఏడు రోజులు ఇస్తారు. నైట్రోఫ్యురాంటాయిన్ మంచి మందే, కానీ నెలలు నిండాక వద్దు, పుట్టుకతో వచ్చే జీ6పీడీ ఎంజైము లోపం ఉన్నవాళ్లకు అసలే వద్దు, రక్తకణాలు పగులుతాయి. సిప్రోఫ్లాక్సాసిన్ మెడికల్ షాపులో అడగ్గానే ఇచ్చేస్తారు, గర్భంలో అది వద్దు. మందు అయిపోయిన వారానికి కల్చర్ మళ్లీ చేయాలి. ఆ రెండో కల్చర్ చేసేవాళ్లు చాలా తక్కువ.

ములుగు, ఏటూరునాగారం, భూపాలపల్లి అడవి పల్లెల్లో మలేరియాను కూడా చూడాలి. గర్భిణికి జ్వరం వస్తే అదే రోజు రక్తపరీక్ష, ఎన్నిసార్లు వస్తే అన్నిసార్లు. ఫాల్సిపారమ్ రకం మలేరియా క్రిములు మాయలో దాక్కుంటాయి, వేలి రక్తంలో కనపడకపోవచ్చు. నెగెటివ్ వచ్చి జ్వరం తగ్గకపోతే మర్నాడు మళ్లీ చూడాలి. ప్రైమాక్విన్ గర్భిణికి ఇవ్వకూడదు. టీబీకి నాలుగు ప్రశ్నలు చాలు: దగ్గు, జ్వరం, రాత్రి చెమటలు, బరువు పెరగకపోవడం. ఒక్కదానికి అవునన్నా కళ్లె పరీక్ష చేయాలి.

టార్చ్ పరీక్ష (టాక్సోప్లాస్మా, రుబెల్లా, సీఎంవీ, హెర్పిస్ క్రిములకు యాంటీబాడీలు చూసేది) గురించి నా అభిప్రాయం సూటిగా చెప్తాను. కడుపు పోయిన ప్రతి ఒక్కరికీ దీన్ని రాయడం ఆపాలి. ఐజీజీ (చాలాకాలం నిలిచే యాంటీబాడీ) ఒక్కటే పాజిటివ్ అంటే చాలావరకు ఎప్పుడో ముందే సోకి తగ్గిందని, దానితో ఇప్పటికి భయం తక్కువ. ఐజీఎం (కొత్తగా సోకినప్పుడు వచ్చే యాంటీబాడీ) తప్పుడు పాజిటివ్‌లు ఎక్కువ, నెలల తరబడి మిగిలి కూడా ఉంటుంది. ఒక్క ఐజీఎం కాగితం చూసి కడుపు తీయించుకోమనడం అన్యాయం. సోకి ఎంతకాలమైందో తేల్చే అవిడిటీ పరీక్ష చేయాలి, రెండు వారాల తర్వాత రెండో శాంపిల్‌తో పోల్చాలి. వరసగా కడుపులు పోవడానికి టార్చ్ కారణం కాదు. దద్దుతో జ్వరం వచ్చినప్పుడు, స్కానింగ్‌లో బిడ్డలో తేడా కనపడ్డప్పుడు మాత్రం అడగాల్సిన పరీక్షే.

రుబెల్లాకు అసలు పని పెళ్లికి ముందు, కాన్పుకూ కాన్పుకూ మధ్య జరగాలి. గర్భంలో ఆ టీకా వేయరు. 2017 ఆగస్టులో తెలంగాణలో 9 నెలల నుంచి 15 ఏళ్ల లోపు పిల్లలకు ఎంఆర్ (తట్టు, రుబెల్లా) టీకా వేశారు. అంతకన్నా పెద్దవాళ్లు, అప్పుడు బడి మానేసి పనికి పోయిన ఆడపిల్లలు తప్పిపోయి ఉండొచ్చు. వాళ్లు టీకా వేసుకుని నెల రోజులు ఆగి గర్భం దాల్చాలి.

ఇక ఈ పరీక్షల వరస అన్నిటికన్నా ఎక్కువగా తెగేది ఎక్కడంటే, తొలిచూలుతో ఉన్న కూతుర్ని ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో తల్లిగారింటికి తోలుకపోయినప్పుడు. పరీక్షలన్నీ అత్తగారి ఊరి పీహెచ్‌సీలో ఉంటాయి, కాన్పు వరంగల్ సీకేఎం ఆసుపత్రిలోనో హన్మకొండ ప్రసూతి దవాఖానలోనో అవుతుంది. కార్డు బీరువాలో ఉండిపోతుంది. 102 బండిలో వచ్చి దిగిన ఆమెకు అక్కడి డాక్టరుకు చూపించడానికి ఏమీ ఉండదు. కార్డు ప్రతి పేజీనీ, ల్యాబ్ కాగితాలనూ ఆమె సొంత ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకోవాలి. వెళ్లే ముందు ఈ ఊరి ఏఎన్ఎం ఆ ఊరి ఏఎన్ఎంకు ఫోన్ చేసి మిగిలిన సూది తేదీలు, వైరల్ లోడ్ తేదీ చెప్పాలి.

ఏ కాగితం లేకుండా నొప్పులతో వచ్చినవాళ్లకు బీపీ చూసే సమయానికే హెచ్ఐవీ, సిఫిలిస్, హెచ్‌బీఎస్ఏజీ వేలి పరీక్షలు మొదలుపెట్టాలి. బిడ్డ బయటికొచ్చేలోపు ఫలితం తెలిస్తే నెవిరపిన్, ఇమ్యునోగ్లోబులిన్ గడువులోపే అందుతాయి. సిఫిలిస్ అప్పుడే తేలితే తల్లికి సూది, బిడ్డకు పది రోజుల పెన్సిలిన్. ఆ పది రోజులూ తల్లీబిడ్డా దవాఖానలోనే ఉండాలి, మధ్యలో ఇంటికి పంపకూడదు. డిశ్చార్జి చీటీ మీద బిడ్డకు ముందున్న తేదీలు రాసివ్వాలి: హెచ్ఐవీ తల్లి బిడ్డకు ఆరో వారం మొదటి పరీక్ష, పద్దెనిమిదో నెల ఆఖరి పరీక్ష, హెపటైటిస్ బి తల్లి బిడ్డకు 6, 10, 14 వారాల టీకాలు, 9 నుంచి 12 నెలల మధ్య రక్తపరీక్ష. ఆ చీటీలో తల్లిగారి ఊరు, అత్తగారి ఊరు, రెండు ఫోన్ నంబర్లూ ఉండాలి. మూడో నెలకో అయిదో నెలకో ఆమె మళ్లీ ఊరు మారుతుంది.